నోట్లో నిప్పు

తెర మీద మిణుగురులు ఆరిపోతున్నాయి.

రత్నం మొదట తన కళ్ళనే అనుమానించింది. కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. కళ్ళ తప్పేమీ లేదు. ఆకుపచ్చ చుక్కలు గుంపులు గుంపులుగా ఆరుతున్నాయి.

"సార్, ఒకసారి ఇలా రండి!"

డాక్టర్ ఫణిభూషణ్ సగం కొరికిన సమోసాతో వచ్చాడు. విశాఖ తీరాన కొండ మీదున్న ఆ క్యాన్సర్ పరిశోధనాలయానికి ఆయనే పెద్ద. తెర వైపు చూడగానే నమలడం ఆపేశాడు.

"ఇవి రేపు కదండీ ఆరాల్సింది?"

"రేపే సార్."

తెర మీద కనిపిస్తున్నది ఒక మనిషి నోటి అంగిలి. ఆ మనిషి చేతి నరంలోకి నిన్న పొద్దున ఎక్కించిన మందులో కోట్లకొద్దీ నానో రేణువులున్నాయి. వెంట్రుక కొస మీద వేలకొద్దీ నిలబడగలిగేంత చిన్నవి. ఒక్కో రేణువు నడుమ ఇనుప గింజ, దాని చుట్టూ క్యాన్సర్ కణాన్ని చంపే మందు, ఆ పైన మైనం లాంటి పొర. కణితికి రక్తం తెచ్చే గొట్టాల నిండా చిల్లులుంటాయి. రక్తంలో తిరిగే రేణువులు ఆ చిల్లుల్లోంచి కారి కణితిలోనే పోగవుతాయి. పోగయ్యాక తలకు అయస్కాంతపు చట్రం తొడిగితే ఇనుప గింజలు వణికి వేడెక్కుతాయి. నలభై మూడు డిగ్రీల దగ్గర పొర కరిగి, మందు కణితిలోనే విడుదలవుతుంది. మిగతా ఒంటికి అంటదు. ఎంత జ్వరమొచ్చినా మనిషి ఒళ్ళు అంతగా కాగదు. ఆ లెక్క వేసిందీ, ఆ పొర తయారుచేసిందీ రత్నమే.

రోగి తలకు పెట్టిన తీగల టోపీ రేణువుల జాడను ఈ తెరకు పంపుతూ ఉంటుంది. పొర కరిగిన రేణువు జాడ తెలియదు. తెర మీద దాని చుక్క ఆరిపోతుంది. ల్యాబులో వాటికి మిణుగురులని ముద్దుపేరు వచ్చింది అందుకే.

"చట్రం ఎవరైనా ఆన్ చేశారా?" అన్నాడు ఫణిభూషణ్.

"ఇంకా కరెంటే ఇవ్వలేదు సార్."

"అయితే టోపీ పాడైందండీ. సెన్సర్లు తప్పు చూపిస్తున్నాయి. లిల్లీ సిస్టర్‌కి చెప్పి మార్పిస్తాను."

రత్నం చుక్కలు ఆరుతున్న తీరును చూస్తోంది. ఒక గుంపు ఆరింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒక గుంపు. మళ్ళీ విరామం. పళ్ళ వెనక మొదలై, గొంతు వైపు పాకుతోంది. ఆ తూగు ఆమె ఎరిగినదే. పడవల కోసం ఎదురుచూస్తూ ఇసుకలో వరసగా కూర్చున్న ఆడవాళ్ళు. లోపలికి పోయి మళ్ళీ నిండే బుగ్గలు. లాగడం, ఆగడం, లాగడం.

ఆమె లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

"ఎక్కడికండీ?" ఫణిభూషణ్ గొంతు మారింది. "రత్నంగారూ! మీరు ఆ గదిలోకి వెళ్ళకూడదు. వెళితే ఏమవుతుందో తెలుసుగా?"

తెలుసు. ఆ గదిలో ఉన్నది ఆమె తల్లి. బృందంలో ఉన్నవాళ్ళ సొంత మనిషి మీద ప్రయోగం జరుగుతుంటే, వాళ్ళు తెర మీద చుక్కల్ని, అద్దం వెనక నుంచి గదిని చూడొచ్చు తప్ప మనిషిని కలవకూడదు, మాట్లాడకూడదు. గడప దాటితే ప్రయోగంలో ఆమె పేరు ఉండదు. పదేళ్ళకు పైగా చేసిన పని మీద వేరేవాళ్ళ పేరుంటుంది. అన్నీ ఒప్పుకునే రత్నం ఇందులో దిగింది.

మెట్లు రెండేసి చొప్పున దిగుతూ పరుగెత్తింది.

గదిలో లైటు వేయలేదు. బయట ఇంకా వెలుతురుంది. మసేనమ్మ తెరిచిన కిటికీ దగ్గర, సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆసుపత్రి గౌను మీద తన పాత చీర కప్పుకుంది. తల మీద తీగల టోపీ, దాని కింద ఎత్తుగా కొప్పు. పెదవులు బిగించి ఉన్నాయి. ఎవరు చూసినా పెద్దావిడ ఊరికే సముద్రం చూస్తోందనుకుంటారు. లిల్లీ సిస్టర్ అంతకుముందే తలుపులోంచి తొంగిచూసి అలాగే అనుకుని వెళ్ళిపోయింది.

"అమ్మా, నోరు తెరు."

మసేనమ్మ కూతురి వైపు చూసింది. కళ్ళు వెలిగాయి. నోరు మాత్రం తెరవలేదు.

"అమ్మా! తెరవమంటే!"

మసేనమ్మ రెండు వేళ్ళతో పెదవుల మధ్య నుంచి చుట్టను బయటికి లాగింది. లోపలినుంచి వచ్చిన కొస ఎర్రగా మండుతోంది.

అడ్డపొగ. జాలరిపేటలో ముసలమ్మలు చాలామంది చుట్ట అలాగే తాగుతారు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఒడ్డున ఎంత గాలి కొట్టినా నిప్పు ఆరదు. రెండు చేతులూ గంపకో వలకో ఖాళీగా ఉంటాయి. ఏళ్ళ తరబడి ఆ సెగ తగిలీ తగిలీ అంగిలి మొద్దుబారుతుంది, తెల్లబడుతుంది, ఒకనాటికి పుండు పడుతుంది. మసేనమ్మకు పడిన పుండు ఇప్పుడు ఎముక దాకా పాకింది.

రత్నం చుట్ట లాక్కుని నీళ్ళ గ్లాసులో ముంచింది. చుయ్యిమంది.

"ఎక్కడిదే అమ్మా ఇది?"

"కొప్పులోది. అగ్గిపెట్టీ అందులోదే. ఆ నర్సమ్మ సంచీ ఎతికింది, బట్టలెతికింది. ఈ టోపీ కూడా తనే ఎట్టింది. కొప్పు ఇప్పమననేదు."

"పొగ తాగొద్దని చెప్పారా లేదా?"

"తాగనేదే. మింగనూ నేదు, ఊదనూ నేదు. నిప్పారకుండా బుగ్గలాడించినాను, అంతే."

"నోటికి వేడి తగలకూడదన్నారు కదా!"

"టీ వొద్దన్నారు, మానీసినాను. ఏణ్ణీళ్ళు వొద్దన్నారు, సన్నీళ్ళే పోసుకున్నాను. సుట్ట ఏడని ఎవులు సెప్పినారు?"

తల్లి అబద్ధమాడటం లేదు. పెళ్ళైన నాటినుంచీ నిప్పును అంగిలికి ఆనించుకున్న మనిషికి అది వేడిగా ఎలా తోస్తుంది? టీ, వేన్నీళ్ళు, ఎండ, ఆవిరి అంటూ తాగకూడనివీ తగలకూడనివీ రత్నమే బృందానికి చెప్పింది. చుట్ట సంగతి వచ్చినప్పుడు 'పొగ మాన్పించాలి' అని ఊరుకుంది. పొగ గురించి అందరూ ఆలోచించారు. నిప్పు గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆ పేటలో పుట్టిన రత్నం కూడా.

"అయినా ఎందుకమ్మా? రేపటి దాకా ఓపిక పట్టలేకపోయావా?"

మసేనమ్మ కిటికీ వైపు తిరిగింది.

"రేపొద్దున నా తలకి ఇనప గంపెట్టి కరెంటిత్తారంట. బయమేసింది. ఎవులితో సెప్పను? నువ్వా, అద్దం ఎనకాల నుంచి సూసీసి ఎల్పోతావు. నానేటి, తొట్టిలో సేపనా?"

రత్నం తల్లి కుర్చీ పక్కనే నేల మీద కూలబడింది. ఎందుకు రాలేదో చెబితే అర్థమవుతుంది. కానీ చెప్పాలనిపించలేదు.

తలుపు దగ్గర ఫణిభూషణ్ నిలబడి ఉన్నాడు. ఇప్పుడాయన చేతిలో సమోసా లేదు.

"దాటేశారు కదండీ గడప?"

"దాటాను సార్."

"ప్రయోగంలో ఇక మీరు లేరు. నేను నివేదికలో నిజమే రాస్తాను. ఏమీ దాచను."

"దాచొద్దు సార్."

ఆయన మూలనున్న స్టూలు లాక్కొచ్చి రత్నం ముందు పెట్టాడు. "సైంటిస్టుగా మీరు ఈ గదిలో ఉండకూడదు. కూతురిగా ఉండొచ్చు. నేల మీద ఎందుకండీ, దీని మీద కూర్చోండి."

మసేనమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఒలే, నా వొల్ల నీ వుజ్జోగం పోయిందేటి?"

"ఉద్యోగం పోలేదమ్మా. ఈ పని పోయింది."

"మరేటి తేడా?"



ఫణిభూషణ్ మంచం అంచున కూర్చున్నాడు. "మసేనమ్మగారూ, మీతో ఒక ముఖ్యమైన సంగతి మాట్లాడాలండీ."

"రెండు ముక్కల్లో సెప్పు బాబూ. సుట్టూ తిప్పకు."

"సరే. మీ నిప్పు సెగకి రేణువులు సగానికి పైగా ముందే పగిలిపోయాయి. మందంతా అంగిలి పైపైన కారిపోయింది. ఎముకలో ఉన్నవి మిగిలాయి. రేపు అనుకున్న జోరుతోనే చట్రం నడిపితే కణితి సగమే చస్తుంది. మిగతా సగాన్ని కోసి తీయాలి. అంగిలి పోతుంది. దాని చోట రేకు పెట్టుకోవాలి. మాట ముక్కులోంచి వస్తుంది. గట్టిగా పిలవలేరు."

మసేనమ్మ చెయ్యి గొంతు మీదికి వెళ్ళింది. చేపల రేవులో ఆమె వేలం పాట పాడే మనిషి. పడవలొచ్చే వేళకి సరుకు కుప్పల ముందు నిలబడి ధర పిలిచేది ఆమే. ఆ గొంతు వినపడితేనే రేవు మేలుకుంటుందని మగవాళ్ళు కూడా అంటారు. ఆపరేషన్ వద్దని మొండికేసి, కూతురి ప్రయోగానికి ఒప్పుకుంది ఆ గొంతు కోసమే.

"రెండోది సెప్పు."

"చట్రం జోరు పెంచడం. మిగిలిన రేణువులు తక్కువే అయినా బాగా వేడెక్కి చుట్టుపక్కల దాకా కణితిని కాల్చేస్తాయి. నా లెక్క ప్రకారం పూర్తిగా పోవాలి. కానీ అంగిలికి పైనే ముక్కు. ఇన్నేళ్ళ పొగకి ఆ చోటంతా వాచి ఉంది, అక్కడికీ కొన్ని రేణువులు చేరాయి, మామూలు జోరుకి కరగనంత పలచగా. సరిగ్గా వాసన తెలిపే నరాల పక్కన. జోరు పెంచితే అవీ పగులుతాయి. వాసన పోతుంది. ఇక రాదు."

"ఇంకో సీసా ఎక్కించీరాదా?"

రత్నం తల అడ్డంగా ఊపింది. "కుదరదమ్మా. ఒళ్ళు ఈ రేణువుల్ని ఒకసారి చూసేసింది. రెండోసారి వస్తే శత్రువులనుకుని విరుచుకుపడుతుంది. ప్రాణానికే ముప్పు."

"నాలిక?"

"ఉప్పూ పులుపూ కారం తెలుస్తాయండీ," అన్నాడు ఫణిభూషణ్. "మిగతా రుచంతా ముక్కుదే."

"అంటే పులుసు పులుసునాగ ఉండదు." మసేనమ్మ నిట్టూర్చింది. "సేపల్దాన్ని పట్టుకుని గొంతు కావాలా ముక్కు కావాలా అంటన్నావు. నీకు మంచి బేరమే వొచ్చు బాబూ."

ఆయన నవ్వబోయి ఆగాడు. "పొద్దున చెప్పండి. తొందరలేదు."

ఆయన వెళ్ళాక రేవు దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి.

"నువ్వేటంటావే?" అంది మసేనమ్మ.

"నేను చెప్పకూడదమ్మా. నీ ఒళ్ళు, నీ ఇష్టం."

"అది అద్దం ఎనకాల మాట. ఇటేపు మాట సెప్పు."

రత్నం తల దించుకుంది. "మా బడి రేవు పక్కనే కదా. లెక్కల క్లాసులో కిటికీలోంచి నీ పాట వినపడేది. మేష్టారు పైకి తిట్టుకునేవారు గానీ, సుద్దముక్క ఆపి ఆయనా వినేవారు. పాట అయిపోయాకే మళ్ళీ లెక్క మొదలు." తల ఎత్తింది. "నాకు నీ గొంతు కావాలమ్మా. కానీ వాసన లేకుండా బతకాల్సింది నువ్వు. నేను కాదు."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదే." మసేనమ్మ కూతురి నెత్తి మీద మొట్టింది. "ముక్కే పోనీ. కానీ ఓ పని సెయ్యి. పోయేముందు నాకు కావలిసిన వాసనలన్నీ తెచ్చి సూపించాలి. ఉత్తి సేతుల్తో పంపకు."

మర్నాడు ఉదయం లిల్లీ సిస్టర్ చట్రం గదిలోకి వస్తూనే ముక్కు మూసుకుంది.

"మేడమ్! ఏమిటిది? ఇది ఆపరేషన్ థియేటరా, పూర్ణా మార్కెట్టా?"

బల్ల మీద ఎండు రొయ్యలు, చింతపండు వేసి కాచిన పులుసు, తడి వల ముక్క, కొత్తిమీర కట్ట, వేయించిన కాఫీ గింజలు, కొత్త చీర. రత్నం తెల్లవారకముందే పేటకు వెళ్ళి పోగుచేసుకొచ్చింది. ఫణిభూషణ్ చూసీ చూడనట్టు చట్రం మీటలు సరిచూసుకుంటున్నాడు.

మసేనమ్మ తొందరపడలేదు. ఒక్కోదాన్నీ ముఖం దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. వల ముక్కను చాలాసేపు వదల్లేదు. ఎండు రొయ్యల్ని లిల్లీ ముఖం దగ్గరికి తోసి, ఆమె కెవ్వుమంటే నవ్వింది. పులుసు గిన్నె మీద వంగి, "ఉప్పు సాల్నేదు," అంది, రుచి చూడకుండానే.

"అయిందా అమ్మా?"

"ఇంకోటి ఉన్నాది. ఇలా రా."

రత్నం వంగింది. మసేనమ్మ కూతురి తలను రెండు చేతులతో పట్టుకుని జుట్టులో ముఖం దూర్చింది. వెంటనే వెనక్కి జరిగింది.

"సీ! ఇదేటే? నీ తల వాసనేదీ?"

"షాంపూ అమ్మా."

"పూలంగడినాగ ఉన్నాది. ఉండు." మసేనమ్మ రత్నం జుట్టు పక్కకు తోసి, చెవి వెనక, మెడ మొదట్లో ముక్కు ఆనించింది. పసిపిల్లను వాసన చూసినట్టు చూసింది. గట్టిగా పీల్చింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. ఆ ఊపిరిని వదలకుండా లోపలే బిగబట్టింది.

"ఆఁ. ఇక్కడుంది," అంది గొంతు తగ్గించి. "పుట్టినప్పుడూ ఇదే."

లిల్లీ సిస్టర్ కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. ఈసారి రొయ్యల వల్ల కాదు.

చట్రం తలకు తొడిగారు. రత్నం తెర ముందు లేదు. తను తయారుచేసిన పొర కరుగుతుంటే చూసే హక్కు ఆమెకిప్పుడు లేదు. తల్లి పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని, మైకులో వినవచ్చే ఫణిభూషణ్ గొంతు వింటోంది.

"మొదలుపెడుతున్నాను. మామూలు జోరు... ఆరుతున్నాయండీ. ఇప్పుడు పెంచుతున్నాను."

చట్రం తుమ్మెదలా మోగింది. మసేనమ్మ కాలి వేళ్ళు ముడుచుకున్నాయి. పిడికిలి బిగిసింది. రత్నం వేళ్ళ ఎముకలు కటకటలాడాయి. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఎముక దగ్గర ఒక గుంపు మొండికేస్తోంది," అంది మైకు. "ఇంకొంచెం పెంచాలి. ఓర్చుకోగలరా?"

చట్రం లోపలినుంచి మూలుగు వినిపించింది. తరువాత మాట. "పెంచమను. పాట మజ్జిలో ఆపితే సరుకు పాడైపోద్ది."

మోత పెరిగింది. రత్నం పైనున్న అద్దం వైపు చూసింది. అద్దం అవతల ఫణిభూషణ్ నీడ తెర మీదికి వంగి ఉంది. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. కరగకపోతే? పొర మందం తను ఒక పిసరు ఎక్కువ వేసి ఉంటే? ఈ వేడి చాలకపోతే అటు గొంతూ పోతుంది, ఇటు ముక్కూ పోతుంది.

మోత ఆగిపోయింది.

మైకు గరగరమంది. "ఒక్కటి లేదండీ, రత్నంగారూ. తెరంతా చీకటే."

వాసన ఆ పూటే పోలేదు. మందు పనిచేయడానికి సమయం పడుతుంది. రత్నం రోజూ పొద్దున ఒక నిమ్మాకు నలిపి తల్లి ముక్కు దగ్గర పెట్టేది. మొదట "నిమ్మ," అనేది మసేనమ్మ. కొన్నాళ్ళకు, "ఏదో ఆకు." ఇంకొన్నాళ్ళకు రత్నం నలిపిన ఆకును చూసి, "ఒగ్గీయే. సెట్టుకి ఆకులుంచు," అంది. ఆ తరువాత రత్నం ఆకు తేలేదు.

నోటి నిండా పుళ్ళు పడ్డాయి, మానాయి. చలికాలం వెళ్ళేసరికి స్కానులో కణితి ఉన్నచోట చిన్న మచ్చ మాత్రమే కనిపించింది. ఫణిభూషణ్ ప్రయోగ ఫలితాలు ప్రకటించినప్పుడు మసేనమ్మ కథ లెక్కలోకి రాలేదు. నియమం తప్పిన రోగి కాబట్టి ఆమెను పక్కన పెట్టారు. పొరను తయారుచేసిన మనిషి పేరూ అందులో లేదు. అయితే ఆ పరిశోధనాలయంలో ఒక కొత్త కట్టుబాటు వచ్చింది. ఎవరిని చేర్చుకున్నా ముందు కొప్పు విప్పి చూడాలి. ఎందుకని కొత్త నర్సులు అడిగితే లిల్లీ సిస్టర్ కథ మొదటినుంచీ చెప్పేది.

రత్నాన్ని వేరే ల్యాబుకు మార్చారు. అక్కడ ఆమె ఇంకొంచెం ఎక్కువ వేడికి కరిగే పొర కోసం మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది.

ఎండలు ముదరకముందే మసేనమ్మ మళ్ళీ రేవుకు బయల్దేరింది. మొదటిరోజు కదా అని రత్నం సెలవు పెట్టి వెంట వెళ్ళింది. ఇస్త్రీ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, తడి సిమెంటు నేల మీద ఓ పక్కన నిలబడింది. పడవలు ఆగాయి. గంపలు దిగాయి. మసేనమ్మ గొంతు సవరించుకుంది.

"రండమ్మా రండి! కోనాం వొచ్చింది! పాట, పాట!"

రేవులో గుసగుసలు ఆగిపోయాయి. మంచుగడ్డలు కొడుతున్నవాడు సుత్తి ఎత్తి అలాగే ఉండిపోయాడు. తరువాత ఎవరో ఈల వేశారు. ఇంకెవరో, "అక్క వొచ్చీసిందిరోయ్!" అన్నారు. రత్నం ముఖం పక్కకు తిప్పుకుంది.

పాట సగంలో ఉండగా, కొనడానికొచ్చిన ఎర్రయ్యమ్మ ఒక కోనాం చేపను తోక పట్టుకుని ఎత్తింది.

"అక్కా, ఇది వాసనొత్తన్నాది."

"నిన్న రాత్రి పట్టిన సరుకే! మొప్ప ఎత్తి సూడు, ఎర్రగా నేదూ?" అన్నాడు పడవ యజమాని దానయ్య. మసేనమ్మకు వరసకు మరిది.

"మొప్పకి రంగెయ్యడం ఎవులికి తెల్దు? అక్కా, నువ్వు సూసి సెప్పు. నీ ముక్కు మాటే మాట."

అందరూ మసేనమ్మ వైపు చూశారు. దానయ్యా, ఎర్రయ్యమ్మా, మంచు కొట్టేవాడూ. ఆమె ముక్కు మీద ఇన్నేళ్ళూ ఎవరూ తగువు పడలేదు. ఇంట్లోవాళ్ళకు తప్ప ఆ ముక్కు సంగతి ఎవరికీ తెలియదు. చేపను అందుకుని, ఉత్తినే మూతి దగ్గర పెట్టుకుని, మరిది పక్షాన ఒక మాట అంటే సరిపోతుంది.

మసేనమ్మ చేపను అందుకుంది. ముఖం దాకా ఎత్తలేదు.

"నా ముక్కు పోయింది," అంది, పాట పాడే గొంతుతోనే, రేవంతా వినేలా. "మందులో పోయింది. పీనుగు కుళ్ళినా నాకు తెల్దు. ఒలే రత్నా! ఇటు రా. నువ్వు సూడు."

"డాట్రమ్మకి సేప వాసనేటి తెలుస్తాది?" ఎర్రయ్యమ్మ నవ్వింది.

"ఇది గంపలో సేపల పక్కన పడుకుని పెరిగింది. దీనికి తెల్దంటే నాకూ తెల్దు."

రత్నం కుచ్చిళ్ళు వదిలేసింది. తడి నేల మీద మోకాళ్ళు ఆనించి, చేప మొప్ప ఎత్తి, ముఖం దగ్గర పెట్టుకుంది. ముందు మంచు చల్లదనం తగిలింది. తరువాత ఉప్పు. ఆ కింద, ఎక్కడో అడుగున, సన్నగా ఒక పులుపు. ఆమె తలెత్తి చూసింది. దానయ్య బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు.

"పాడవలేదమ్మా," అంది రత్నం. "కానీ నిన్నటిది కాదు. మొన్నటిది. తినొచ్చు."

దానయ్య ఏదో అనబోయాడు. మసేనమ్మ అతనివైపు చూడలేదు. కూతురి ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. చేపను తీసి విడిగా పెట్టింది. రొమ్ము నిండా గాలి పీల్చి, తల పైకెత్తింది.

"మొన్నటి కోనాం! మొన్నటి కోనాం పాట! మంచి సరుకే, మొన్నటిది! ఎవులమ్మా ముందు?"

గొంతు రేవు కప్పుకు తగిలి సముద్రం మీదికి వెళ్ళింది. ఎర్రయ్యమ్మ చెయ్యెత్తింది. ఆమె వెనక ఇంకో చెయ్యి లేచింది. మసేనమ్మ పాట ఆపకుండానే, వెనక్కి తిరగకుండానే, రెండో గంపను కాలితో రత్నం వైపు నెట్టింది.